రెండు గ్యారేజీల ప్యాకార్డు

కార్ల ఫ్యాక్టరీల పక్కనున్న ఊరు హామ్‌ట్రామ్క్‌లో స్టఖూరా అన్నదమ్ముల కారు సంగతి తెలియనివాళ్లు లేరు. కారు ఒక వీధిలో ఉండేది, దాని ఇంజను రెండు వీధుల అవతల ఉండేది. ఇరవై ఆరేళ్లు అలాగే ఉన్నాయి. బేకరీ దగ్గర, చర్చి మెట్ల మీద, బీరు దుకాణంలో ఎవరైనా మొండిపట్టు పడితే చాలు, "నువ్వు కూడా స్టఖూరాల వంశమా ఏం?" అనేవారు.

కారు ఉన్నది తమ్ముడు వాలెంటీ దగ్గర. ఊరంతా అతన్ని వాలీ అనే పిలిచేది. ఇంజను ఉన్నది అన్న లుడ్విక్ దగ్గర.

వాళ్ల నాన్న ఇగ్నాసీ ప్యాకార్డు కార్ల ఫ్యాక్టరీలో రంగుల విభాగంలో పనిచేసేవాడు. పూసిన రంగు ఆరాక చివరి మెరుగు పెట్టేది ఆయన చేతులే. రుద్ది రుద్ది వేళ్ల మీద గీతలు కూడా అరిగిపోయాయి. ఊళ్లో సగం మంది రొట్టె కోసం వరసల్లో నిలబడే కరువు రోజులవి. అయినా ఫ్యాక్టరీలోంచి పన్నెండు సిలిండర్ల కార్లు బయటికి పోతూనే ఉండేవి, బ్యాంకుల వాళ్లకీ సినిమా తారలకీ. ఆయన రాత్రి భోజనం దగ్గర కూర్చుని చెప్పేవాడు:

"ఇవాళ ఒక నల్ల బండి పోయింది. దాని తలుపులో మొహం చూసుకుని గడ్డం గీసుకోవచ్చు."

"ఆ నలుపు కాస్త గోకి పట్టుకురండి, సూపులో వేస్తాను," అనేది అమ్మ విక్టోరియా.

ఇగ్నాసీ తన చేత్తో మెరుగు పెట్టిన ఏ కారులోనూ ఒక్కసారైనా కూర్చోలేదు. ఆయనకి ఆ లోటు ఉన్నట్టు కూడా ఎవరికీ తోచలేదు, ఆయన కొడుకులకి తప్ప.

పెద్దవాళ్లయ్యాక ఇద్దరూ అదే ఫ్యాక్టరీలో చేరారు. లుడ్విక్ ఇంజన్ల దగ్గర, వాలీ సీట్లు కుట్టే దగ్గర. కొన్నేళ్లకు నాన్న పోయాడు. ఆ తర్వాత ఫ్యాక్టరీ కూడా మూతపడింది. లుడ్విక్ ఒక మెషిన్ షాపులో కుదురుకున్నాడు, ఐరీనాను పెళ్లి చేసుకుని రెండు వీధుల అవతల ఇల్లు తీసుకున్నాడు, వాళ్లకో కూతురు పుట్టింది. వాలీ మరో కంపెనీకి సీట్లు కుడుతూ అమ్మతోనే పాత ఇంట్లో ఉండిపోయాడు.

ఆ కారు దొరికింది పందొమ్మిది వందల అరవై ఒకటిలో. సరస్సు ఒడ్డున ఒక పెద్ద బంగళా వెనక, కూలిపోబోతున్న షెడ్డులో ఉంది. ముప్ఫై నాలుగు నాటి ప్యాకార్డు, పన్నెండు సిలిండర్ల లిమోజిన్. డ్రైవరుకీ వెనక కూర్చునే దొరలకీ మధ్య అద్దం ఉన్న బండి. పైన పావురాల రెట్ట, లోపల ఎలుకల కాపురం. అప్పట్లో అలాంటి బళ్లను ఎవరూ కన్నెత్తి చూసేవారు కాదు. యుద్ధంలో ఇనుము కోసం కొన్నిటిని కరిగించేశారు, మిగిలినవి పాతసామాన్ల వాళ్ల దొడ్లలో తుప్పు పడుతున్నాయి. "కప్పు కూలేలోపు పట్టుకుపోండి నాయనా," అంది బంగళా ముసలావిడ.

లుడ్విక్ ట్రక్కు అరువు తెచ్చాడు. గొలుసు కట్టి లాగుతుంటే, కారులో స్టీరింగు దగ్గర వాలీ కూర్చున్నాడు. బ్రేకులు లేవు. ట్రక్కు నెమ్మదించినప్పుడల్లా కారు వెళ్లి దాని వెనక డిక్కు డిక్కుమని తగిలేది.

"ఒరేయ్ వాలీ, ఆపరా!" అని ముందునుంచి కేక.

"దేంతో ఆపమంటావ్ అన్నయ్యా, కాళ్లు కింద పెట్టా?"

ఇద్దరూ ఇల్లు చేరేదాకా నవ్వుతూనే ఉన్నారు. సందులో జనం పోగయ్యారు. అమ్మ చేతులు ఏప్రానుకి తుడుచుకుంటూ బయటికొచ్చి, ఆ బండి చుట్టూ ఒకసారి తిరిగి, రెట్ట లేని చోట తలుపుని అరచేత్తో తడిమింది. తర్వాత లోపలికి వెళ్లిపోయింది. తర్వాతి కాలంలో వాలీకి తన జీవితంలో సంతోషంగా ఉన్న రోజు ఏదని తలుచుకుంటే ఆ రోజే గుర్తుకొచ్చేది.

"ఇంజను నాది, మిగతా ఒళ్లంతా నీది," అని లుడ్విక్ పని పంచాడు. పాత ఇంటి వెనక గ్యారేజీలో ప్రతి శనివారం ఇద్దరూ కారుని విప్పడం మొదలుపెట్టారు. ఇంజను కిందికి దింపి, ఇనప బల్ల మీదికి ఎక్కించారు. విడిభాగాల కోసం పాతసామాన్ల దొడ్లన్నీ తిరిగారు. ఏళ్లు గడిచాయి. పిచ్చి పట్టిందని జనం నవ్వారు. వాళ్లు పట్టించుకోలేదు.

ఆ ఏళ్లలోనే అమ్మకి కాళ్లు పడిపోయాయి. వంటింటి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉండేది. శనివారం పొద్దున్నే కాఫీ కాచి, గసగసాల కేకు ముక్కలు కోసి పెట్టమనేది. లుడ్విక్ వెనక సందులోంచి వచ్చేవాడు, నేరుగా గ్యారేజీలోకి.

"పెద్దాడు వచ్చాడా?" అనేది అమ్మ.

"వచ్చాడమ్మా, గ్యారేజీలో ఉన్నాడు."

"పని అయ్యాక వస్తాడులే."

పని అయ్యేసరికి లుడ్విక్ చేతులు మోచేతుల దాకా నూనె. "ఈ చేతుల్తో వంటింట్లోకి ఏం వస్తాను, వచ్చే వారం వస్తానని చెప్పు," అని సందులోంచే కిటికీ వైపు చెయ్యి ఊపి పోయేవాడు. అమ్మా చెయ్యి ఊపేది. వాలీ కేకు ముక్కలు మూత పెట్టి దాచేవాడు. అమ్మ ఎదురుచూస్తోందన్న మాట ఒక్కసారి అన్నయ్యతో అని ఉంటే సరిపోయేది. కానీ అనలేదు. అంటే శనివారాలు పాడవుతాయని భయం.

అరవై ఏడు చలికాలంలో అమ్మ పోయింది. అంత్యక్రియలు అయ్యాక చర్చి హాల్లో భోజనాలు పెట్టారు. లుడ్విక్ పళ్లెం పట్టుకుని వచ్చి తమ్ముడి పక్కన కూర్చున్నాడు. ఏం మాట్లాడాలో తెలియక కాబోలు, "క్లీవ్‌లాండ్ నుంచి పిస్టన్లు వస్తున్నాయిరా. శనివారానికి చేతికొస్తాయి," అన్నాడు.

వాలీ చేతిలో ఫోర్కు కింద పెట్టాడు.

"శనివారం. ఆరేళ్ల శనివారాలు అన్నయ్యా! ఆ కిటికీ దగ్గర నీకోసం కూర్చునేది. గ్యారేజీ నుంచి వంటింటికి పది అడుగులు కూడా లేవు. నువ్వు కారుని చూడ్డానికి వచ్చావు గానీ అమ్మని చూడ్డానికి ఏనాడైనా వచ్చావా?"

హాల్లో తలలన్నీ ఇటు తిరిగాయి. లుడ్విక్ మొహం ఎర్రబడింది.

"ఇప్పుడా చెప్పడం? ఇంతమంది ముందా?"

"ఎప్పుడు చెప్తే వినేవాడివి?"

"నువ్వు పక్కనే ఉండి చెప్పలేదు కదరా. పైగా కాపలా కాశావు, ఎప్పుడు దొరుకుతానా అని!"

లుడ్విక్ లేచి కోటు తీసుకున్నాడు. ఐరీనా ఇద్దరి మొహాలూ చూసి, భర్త వెనకే వెళ్లింది. మర్నాడు అతను మెషిన్ షాపు నుంచి ఇద్దరు మనుషుల్నీ ఒక ట్రక్కునీ తెచ్చి, సందులోంచి ఇంజను ఎక్కించుకుని వెళ్లిపోయాడు. వాలీ వంటింటి కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాడు, బయటికి రాలేదు.

ఆ తర్వాత వాళ్లు మాట్లాడుకోలేదు.

వాలీ పెళ్లి చేసుకోలేదు. పని నుంచి ఇంటికొచ్చి, సాసేజీ, ఉడికించిన క్యాబేజీ తిని, గ్యారేజీలోకి వెళ్లేవాడు. తుప్పంతా గోకాడు. కొయ్య చట్రంలో పుచ్చిన చోటల్లా కొత్త కర్ర వేశాడు. డ్రైవరు సీటుకి నల్లతోలు, వెనక సీట్లకి బూడిద రంగు ఉన్నిగుడ్డ, అద్దాల తెరలకి పట్టు కుచ్చులు, అన్నీ తన చేత్తోనే కుట్టాడు. నలుపు మీద నలుపు పూసి, నాన్న రుద్దినట్టే రుద్దాడు. ఒక్కో పని పూర్తయినప్పుడు, 'వాడు చూడాలి' అనుకునేవాడు. చూసి కుళ్లుకోవాలనో, చూసి మెచ్చుకోవాలనో అతనికే తెలియదు. బానెట్ ఎత్తితే మాత్రం లోపల ఖాళీ. కింద గచ్చు కనపడేది.

బీరు దుకాణంలో వాళ్ల మాటలకి అంతులేదు. "వాలీ, నీ బండికి పెట్రోలు ఖర్చు లేదు, అదృష్టవంతుడివి!" అని ఒకడు. "లుడ్విక్ ఇంజనుకి టైర్లు అరిగే బాధ లేదు," అని ఇంకొకడు. వాలీ కూడా నవ్వేవాడు.

ఇంతలో కాలం మారింది. ఒకప్పుడు పాతసామాన్ల వాడు కూడా వద్దన్న బళ్ల కోసం డబ్బున్నవాళ్లు ఊరూరా తిరగడం మొదలైంది. క్లబ్బులు పెట్టారు, పచ్చిక మీద వరసగా నిలబెట్టి బహుమతులిచ్చారు. ఒహాయో నుంచి ప్రెస్కాట్ అనే పెద్దమనిషి వచ్చి, వాలీ గ్యారేజీలో టోపీ తీసి నిలబడిపోయాడు.

"ఇంత పని ఎక్కడా చూడలేదు. నాకు అమ్మండి. ఇంజను మీ అన్నగారి దగ్గర నేనే కొనుక్కుంటాను."

"ముందు మా అన్నని అడగండి," అన్నాడు వాలీ.

అరగంటకి ప్రెస్కాట్ తిరిగొచ్చాడు. "ఆయన మిమ్మల్ని అడగమన్నారు."

"అయితే ఇద్దరం అమ్మం."

"ఏమండీ, మీరు మాట్లాడుకోరు కదా, ఇద్దరిదీ ఒకే మాట ఎలా అయింది?" అని ఆ పెద్దమనిషి తల పట్టుకున్నాడు.

ఆదివారం చర్చిలో అన్న కుడివైపు బల్లల్లో, తమ్ముడు ఎడమవైపు. వాలీ తల తిప్పేవాడు కాదు గానీ లుడ్విక్ దగ్గు వినపడితే వచ్చాడని తెలిసేది. వదిన ఐరీనా మాత్రం ఇద్దరి మధ్యా తిరిగేది. ఉపవాసాల ముందు జామ్ కూరిన బూరెల్లాంటి పోంచ్కీలు వేయించిన రోజు, వేడివేడివి గుడ్డలో కట్టి తెచ్చేది.

"ఒక్కసారి వచ్చి పలకరిస్తే నీ సొమ్మేం పోయింది వాలీ?"

"వాడినే రమ్మను వదినా."

"ఆయనా ఇదే మాట. మీ ఇద్దర్నీ ఒకే కడుపున మోసింది కదా, ఆ మహాతల్లిని అనాలి."

ఒక చలికాలం లుడ్విక్ దగ్గు మారింది. లోతుగా, బొంగురుగా వచ్చేది. ప్రార్థన మధ్యలో లేచి బయటికి వెళ్లేవాడు. ఆ ఆదివారం మధ్యాహ్నం వాలీ కోటు తొడుక్కుని, రెండు వీధులూ దాటి, అన్న ఇంటి వెనక సందు దాకా వెళ్లాడు. గ్యారేజీ తలుపు సందులోంచి వెలుగు పడుతోంది. లోపల ఇనుము కదిలే చప్పుడు, మధ్యలో దగ్గు. తలుపు కొట్టడానికి చెయ్యెత్తాడు. తలుపు తీస్తే మొదటి మాట ఏమనాలో ఎంత ఆలోచించినా తోచలేదు. చెయ్యి దించి, జేబులో పెట్టుకుని, వచ్చిన దారినే ఇంటికి పోయాడు.

తొంభై మూడు వసంతంలో ఒక పొద్దున ఐరీనా ఫోన్ చేసింది. "వాలీ, ఇక రానక్కర్లేదు," అంది. కాసేపటికి గానీ అతనికి అర్థం కాలేదు.

అంత్యక్రియలైన వారానికి ఆమె అతన్ని పిలిపించి, గ్యారేజీ తాళం చేతిలో పెట్టింది. "నీ సామాను పట్టుకుపో. నాకు చోటు కావాలి."

తుప్పు ముద్ద కనపడుతుందనుకుంటూ వెళ్లాడు వాలీ. ఇంజను మీద ఉన్ని దుప్పటి కప్పి ఉంది. తీస్తే ఆకుపచ్చ రంగు, నూనె తడి మెరుపు. పిస్టన్లన్నీ కొత్తవి. ముందున్న పెద్ద నట్టుకి ఒక పొడుగు పానా తగిలించే ఉంది. వాలీ దాన్ని పట్టుకుని నెట్టాడు. ఇంజను బరువుగా, మెత్తగా తిరిగింది.

గుమ్మంలో ఐరీనా నిలబడి ఉంది. "ఆదివారం చర్చి నుంచి రాగానే వచ్చి తిప్పేవాడు. నూనె పొయ్యడం, తిప్పడం. ఆయాసంతో ఊపిరాడని రోజు కూడా మానలేదు. ఎవరికోసమయ్యా అంటే, 'బిగుసుకుపోతే వాలీ నన్ను బతకనివ్వడు' అనేవాడు."

వాలీ పానా మీద చెయ్యి తియ్యకుండా అలాగే నిలబడ్డాడు. "ఒక్కసారైనా ఈ మాట నాతో చెప్పలేదేం వదినా?"

"చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. నువ్వు మాత్రం అద్దాలకి పట్టు కుచ్చులు కుడుతున్నావని ఆయనకి చెప్పొద్దని నా దగ్గర ఒట్టు వేయించుకోలేదూ?"

ఆ వేసవంతా పని సాగింది. పాతకార్ల క్లబ్బులో ఎజ్రా అనే పాత మెకానిక్ ఉండేవాడు, అతను సాయం వచ్చాడు. ఇద్దరూ కలిసి ఇంజనుని గొలుసుల మీద ఎత్తి, అంగుళం అంగుళం కారులోకి దింపారు. అన్నదమ్ములిద్దరూ చూసుకోకుండా, మాట్లాడుకోకుండా చేసిన రెండు పనులు ఒకదానిలో ఒకటి సరిగ్గా కూర్చున్నాయి. తీగలు, గొట్టాలు అన్నీ కలిపాక వాలీ మీట నొక్కాడు. రెండు మూడు సార్లు మూలిగి, అందుకుంది. ఎంత నిశ్శబ్దమంటే, నడుస్తోందో లేదో చెయ్యి ఆనించి చూడాల్సి వచ్చింది.

"నడుస్తోందయ్యోయ్!" అని ఎజ్రా టోపీ పైకి విసిరాడు.

వాలీ పక్కకి తిరిగాడు, ఏదో చెప్పబోతున్నట్టు. అటువైపు గోడ ఉంది.

మర్నాడు గడ్డం గీసుకుని, మంచి సూటు వేసుకుని, కారు తీసుకుని ఐరీనా ఇంటి ముందు ఆపాడు. దిగి, వెనక తలుపు తెరిచి నిలబడ్డాడు. ఆమె వరండాలోకి వచ్చింది గానీ మెట్లు దిగలేదు.

"రా వదినా, అలా సరస్సు దాకా వెళ్లొద్దాం."

"నేను ఎక్కను."

"లుడ్విక్ ఇంజను వదినా ఇది. ఎలా నడుస్తోందో..."

"తెలుసు. అందుకే ఎక్కను." ఆమె గొంతు పెరగలేదు. "మీరిద్దరూ దాన్ని ఏళ్లకేళ్లు మేపారు. నాకు మాత్రం ఆదివారం భోజనానికి మరిది లేడు, మా అమ్మాయికి బాబాయి లేడు. అమ్మాయి పెళ్లిలో కూడా నువ్వు తలుపు దగ్గర నిలబడి వెళ్లిపోయావు. కారు బాగుంది. చాలా బాగుంది. తీసుకుపో వాలీ."

అతను తలుపు మెల్లగా వేసి, ఒక్కడే బయల్దేరాడు.

గ్రాండ్ బూలవార్డ్ రోడ్డు మీద ప్యాకార్డు ఫ్యాక్టరీ ముందునుంచి పోయాడు. అద్దాలు ఒక్కటీ లేవు, కప్పు మీద చెట్లు మొలిచాయి. బస్సు కోసం నిలబడ్డ వాళ్లు చేతులు ఊపారు. ఒక ముసలాయన టోపీ తీశాడు. ఎర్రదీపం దగ్గర పక్క కారులోంచి ఒకతను తొంగి చూశాడు.

"ఎవరిది గురువుగారూ ఈ బండి?"

"మాదే."

"మరి వెనక ఎవరూ లేరేం?"

వాలీ అద్దంలో చూశాడు. నడిమి గాజు అవతల తను కుట్టిన బూడిద రంగు సీటు, ముడత లేకుండా ఉంది. లిమోజిన్‌లో ముందు కూర్చునేది డ్రైవరే. ఇన్నేళ్లూ ఆ సీటు ఎవరికోసం కుట్టాడో అతను ఎన్నడూ ఆలోచించలేదు. ఆకుపచ్చ దీపం పడింది. బండిని ముందుకు పోనిచ్చాడు.

ఆ ఆగస్టులో పచ్చిక మీద జరిగిన పోటీకి ఎజ్రా బలవంతాన తీసుకెళ్లాడు. తెల్ల ప్యాంట్ల వాళ్లు, గొడుగుల ఆడవాళ్లు, షాంపేన్ గ్లాసులు. రెండో బహుమతి రిబ్బను ఇచ్చారు. ప్రెస్కాట్ కూడా వచ్చి, ముసలి చేతులతో చెయ్యి కలిపి, "ఇంత కాలం ఎందుకు పట్టిందండీ?" అన్నాడు. వాలీ రిబ్బను మడిచి జేబులో పెట్టుకున్నాడు. సాయంత్రం కారుని గ్యారేజీలో పెట్టి, వెలిసిన స్టూలు మీద కూర్చున్నాడు. చెయ్యడానికి పని ఏమీ మిగల్లేదు. కోపం పెట్టుకోవడానికి కూడా ఎవరూ మిగల్లేదు. అన్నతో మాట్లాడని రోజుల్లో కూడా, రెండు వీధుల అవతల ఒక మనిషి తన కోసం మొండికేసి కూర్చున్నాడన్న ధైర్యం ఉండేది. ఇప్పుడదీ లేదు.

మరుసటి ఏడు ఆ కారుని ఒహాయోలో ఒక మ్యూజియానికి ఇచ్చేశాడు. బోర్డు మీద ఇద్దరి పేర్లూ రాయమని మాత్రం అడిగాడు, పెద్దవాడి పేరు ముందు. ఐరీనా కూతురింటికి వెళ్లిపోయింది. క్రిస్మస్‌కి కార్డు పంపేది.

హామ్‌ట్రామ్క్ కూడా మారింది. పక్కింట్లోకి సిల్హెట్ నుంచి వచ్చిన బెంగాలీ మోతిన్ కుటుంబం దిగింది. ఖాళీ గ్యారేజీ చూసి, తన సామాన్ల వ్యాను పెట్టుకోవచ్చా అని మోతిన్ అడిగితే, వాలీ తాళం చెవి ఇచ్చేశాడు.

ఒక వేసవిలో వాలీ బస్సెక్కి మ్యూజియం చూడ్డానికి వెళ్లాడు. ప్యాకార్డు తాడు కట్టిన అరుగు మీద ఉంది, పైన దీపాలు. వెనక తలుపు తెరిచి పెట్టారు. అద్దం తెర కుచ్చు ఒకటి మెలితిరిగి ఉంది. సరిచేద్దామని తాడు మీదుగా వంగి చెయ్యి చాచాడు.

"పెద్దాయనా, ముట్టుకోకూడదు," అంది కాపలా పిల్ల, మర్యాదగానే.

"సరేనమ్మా," అని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కాసేపు నిలబడి, తిరుగు బస్సుకి వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చేసరికి మోతిన్ సందులో వ్యాను లోపల పెడుతున్నాడు.

"ఏం అంకుల్, ఊరెళ్లొచ్చారా? కనపళ్లేదు."

"మా అన్నయ్యా నేనూ కలిసి ఒక కారు బాగుచేశాంలే. చూసొద్దామని వెళ్లా."

"ఓహో! అన్నయ్యగారు బాగున్నారా?"

"పోయాడయ్యా."

మోతిన్ వ్యాను ఆపేసి కిందికి దిగాడు. తాళాలు చేతిలో తిప్పుకుంటూ నిలబడ్డాడు. "మా పెద్దన్నయ్య సిల్హెట్‌లోనే ఉండిపోయాడు అంకుల్. ఫోన్ చెయ్యాలి, చెయ్యాలి అనుకుంటూనే ఉన్నా."

"చెయ్యి," అన్నాడు వాలీ. ఇంట్లోకి వెళ్లి, స్టవ్ మీద సూపు గిన్నె పెట్టుకున్నాడు.